ముక్కు విరిగిన కొంగ

ఆ రోజు ఇంట్లో నలుగురం ఉన్నాం. పనిగదిలో కిటికీ పక్క బల్ల దగ్గర తాతయ్య, కుడికంటికి చిన్న భూతద్దం బిగించుకుని. ఆయన ఎదురుగా గడియారాల మామయ్య. పక్క కొట్టు ఆయనదే, కానీ తన కొట్లో కంటే మా ఇంట్లోనే ఎక్కువ కూర్చుంటాడు. వంటింట్లో పెద్దమ్మ, గిన్నెలతో పోట్లాడుతూ. వెనక వరండాలో తొట్టి దగ్గర నేను, మోచేతుల దాకా సబ్బు నురగతో. పిల్లిని కూడా కలుపుకుంటే ఐదుగురం. కానీ అది మాది కాదు, ఎండ పడలేక మా మెట్ల కింద పడుకునేది.

అప్పుడు పిన్ని కూతురు వచ్చింది. మనిషి కంటే ముందు గొంతు వచ్చింది.

“తాతయ్యా! ఈ ఊరి ఎండ మా ఊరి ఎండకి పెద్దక్కలా ఉంది!”

వీధి తలుపు తోసుకుని వచ్చింది, వేయలేదు. నడవ తలుపు తోసుకుని వచ్చింది, వేయలేదు. పనిగది తలుపు తోసేసరికి గాలి ఒక్కసారిగా కొట్టి తాతయ్య ముందున్న దీపం ఆరిపోయింది. నేను తడి చేతులతో పరిగెత్తుకొచ్చి మూడు తలుపులూ వేశాను. పనిగది తలుపుకి ఒక తిక్క ఉంది. బందు వదులై కిందికి జారింది కాబట్టి, పిడి పట్టుకుని కొంచెం పైకెత్తి వేస్తేనే పడుతుంది. లేకపోతే గడప దగ్గరే మొండికేసి నిలబడుతుంది.

“వచ్చావా టపాకాయా!” అంది పెద్దమ్మ వంటింట్లోంచి. “హమ్మయ్య, ఇంట్లో మనిషి గొంతు వినపడుతుంది. ఇదీ ఉంది, వచ్చి రెండేళ్లయింది. బెల్లం కొట్టిన రాయి నయం.”

ఇది అంటే నేను.

టపాకాయ నాకంటే ఏడాదిన్నర చిన్నది. పట్నంలో చదువుతోంది, వేసవి సెలవులన్నీ ఇక్కడే గడుపుతుందని పిన్ని రాసింది. నేను మా పల్లెటూరి బళ్లో పదో తరగతి అయ్యాక తాతయ్య దగ్గరికి వచ్చేశాను. తాతయ్య నన్ను చీమ అంటాడు. చప్పుడు చేయకుండా మోసుకుపోతానని. ఆ పేరు నాకు ఇష్టమే.

తాతయ్య పని ఏమిటో చెప్పాలి. పాత వెండి వస్తువుకి అడుగునో, పిడి వెనకో, మూత లోపలో బియ్యపు గింజంత ముద్ర ఉంటుంది. చేసినవాడు కొట్టుకున్న గుర్తు. చేప, చుక్క, తాళంచెవి, సింహం తల. ఆ బొమ్మని బట్టి అది ఎవరి చేతి పనో, ఏ కాలానిదో చెప్పడం తాతయ్య పని. ఆయన కాగితం మీద రాసిచ్చి సంతకం పెడితే ఇక ఎవరూ మారు మాట్లాడరు.

నా పని అంతకంటే ముందుది. వచ్చిన వస్తువుని గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడగాలి. మెత్తటి గుడ్డతో తుడవాలి. తర్వాత ముద్ర ఉన్న చోట, అద్దం మీద ఊదినట్టు, నోరు తెరిచి ‘హా’ అని ఊదాలి. ఒకే రేకు అయితే ఆవిరి అంతటా ఒకేలా పడుతుంది. ఎక్కడి ముద్రనో కోసి తెచ్చి ఇక్కడ అతికించి ఉంటే మాత్రం, పైన ఎంత నున్నగా రుద్దినా సరే, టంకం పెట్టిన గీత ఆవిరిలో ఒక్క క్షణం తేలుతుంది. గీత కనపడితే వస్తువుకి దారం కట్టి చెక్క పలక మీద పెట్టాలి. కనపడకపోతే తాతయ్య బల్ల మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టాలి. నోరు విప్పక్కర్లేదు. నాలాంటిదానికి ఇంతకంటే మంచి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది?

ఇవి కాక నాకు నేను పెట్టుకున్న పని ఇంకోటి ఉంది. ప్రతి ముద్రకీ దీపం మసి పట్టించి, దాని మీద సెల్లోటేపు నొక్కి తీసి, డైరీలో అతికించేదాన్ని. మసిలో ముద్ర గీతగీతా దిగుతుంది. పక్కన తారీఖు. అలా రెండేళ్లలో మూడు వందల చిల్లర అచ్చులు. ఎవరికీ చూపించలేదు. ఎవరూ అడగలేదు.

తాతయ్య కళ్లకి పొర వచ్చింది. ఆపరేషన్ చలికాలంలో చేద్దామన్నాడు డాక్టరు. “ఈ ఎండాకాలం నా కంటి పని ఎవరో ఒకరు చూసుకోవాలి” అన్నాడు తాతయ్య, టపాకాయ రావడానికి నెల ముందు. ఎవరో ఒకరు అంటే ఇంట్లో నేను కాక ఎవరున్నారు? పెద్దమ్మకి సూదిలో దారం కూడా నేనే ఎక్కించాలి. ఆ రోజు డైరీలో ‘ఎవరో ఒకరు’ అని రాసి కింద రెండు గీతలు గీశాను. బల్ల దగ్గర రెండో స్టూలు ఖాళీగా ఉండేది. తుడిచేటప్పుడు దాని మీద కూర్చుని చూసేదాన్ని, తాతయ్య స్నానానికి వెళ్లినప్పుడు.

టపాకాయ వచ్చిన మూడో రోజే దాని మీద కూర్చుంది. ఎవరినీ అడగలేదు.

“ఇదేంటి తాతయ్యా, కుక్కపిల్లా?”

“సింహమే!”

“పాపం, తిండి పెట్టలేదు కాబోలు.”

తాతయ్య నవ్వాడు. భుజాలు కదిలేలా, దగ్గు వచ్చేలా నవ్వాడు. రెండేళ్లలో నేను ఆయన్ని అలా ఒక్కసారి కూడా నవ్వించలేదు. నవ్వుతూనే కంటి నుంచి భూతద్దం తీసి, చొక్కా అంచుతో తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు.

“ఇది పెట్టుకుని చూడు. ఈ గరిటె మీద ఏముందో చెప్పు.”

ఆమె కన్ను చికిలించి చూసింది. “చేప. ఒంటి మీద పొలుసులు ఏడు.” గరిటెని వెలుగుకి తిప్పింది. “పొద్దున చూసిన చెంచా మీద చేపకి ఎనిమిది కదా? ఇది వేరేవాడి చేప.”

తాతయ్య నవ్వడం మానేశాడు. “ఈ మాట తెలుసుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది” అన్నాడు మెల్లిగా.

ఏడు పొలుసుల చేప, ఎనిమిది పొలుసుల చేప సంగతి నా డైరీలో కిందటి చలికాలం నుంచే ఉంది. గుమ్మంలో పళ్లెం పట్టుకుని నిలబడి నేను ఆ మాట అనొచ్చు. అనలేదు. అంటే ‘నాకూ తెలుసు’ అని చిన్నపిల్లలు చెయ్యెత్తినట్టు ఉంటుంది.

గడియారాల మామయ్య నన్ను చూశాడు. “ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా? ఏం చీమా, నీ బెల్లంలో వాటాకి మనిషి వచ్చినట్టుందే!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుని ముఖం మీద టంకం పెట్టి అతికించుకున్నాను.

ఆ రోజు నుంచి భూతద్దం ఆమె కంటిదే. తాతయ్య చేత్తో గీసిన ముద్రల పుస్తకం ఆమె ఒళ్లో ఉండేది. నేనైతే చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, అడిగి ముట్టుకునేదాన్ని. ఆమె మామిడిపండు తిన్న చేత్తోనే పేజీలు తిప్పేది. నా డైరీలో ఆమె కోసం ఒక పేజీ పెట్టాను. తలుపులు వేయదు. తాతయ్య మాట మధ్యలో మాట్లాడుతుంది. చెంచాని గిటారులా వాయిస్తుంది. ముద్రకి ముద్దుపేర్లు పెడుతుంది. పేజీ చివర ‘తను రాకుండా ఉంటే బాగుండేది’ అని రాశాను. ఆ వాక్యం ఆ నెలలో పదకొండు సార్లు రాశాను. ఇప్పుడు లెక్కపెట్టి చెబుతున్నాను.

ఆమె చెడ్డదైతే నాకు సులువుగా ఉండేది. నాకోసం పట్నం నుంచి నీలం రంగు క్లిప్పు తెచ్చింది. పొద్దున్న లేచింది మొదలు అక్కా, అక్కా అంటూ వెంట తిరిగేది. పనిగది తలుపు ఎలా వేయాలో నేనే ఆమె చెయ్యి పట్టుకుని నేర్పాను.

“పిడి పట్టుకుని కొంచెం పైకెత్తు. ఇప్పుడు తొయ్యి.”

“దీనికింత గారాబం ఎందుకక్కా?”

నేర్చుకుంది. కానీ ఒక్కనాడూ వేయలేదు. వెనకాలే వెళ్లి నేను వేసేదాన్ని.

మ్యూజియం మేడమ్ వచ్చిన రోజు ఎండ మరీ ఎక్కువగా ఉంది. ఆవిడ తెచ్చిన చెక్కపెట్టెలో గడ్డి మధ్య ఒక వెండి కూజా. మూరెడు ఎత్తు, సన్నటి మెడ, వంపు తిరిగిన పిడి.

“ఒకాయన మ్యూజియానికి అమ్ముతానంటున్నాడు” అంది మేడమ్. “అడుగున కొంగ ఉందండీ. మీరు రాసిస్తే అద్దాల బీరువాలో పెడతాం. లేదంటే తిప్పి పంపేస్తాం.”

కొంగ అనేసరికి తాతయ్య లేచి నిలబడ్డాడు.

ఒంటికాలి మీద నిలబడ్డ కొంగని ముద్రగా కొట్టుకున్న పనివాడు ఒకడున్నాడు. పేరు ఎవరికీ తెలియదు. అతనివి ఇప్పటిదాకా దొరికినవి పదకొండు చెంచాలు, అంతే. అంత చెయ్యి తిరిగినవాడు చెంచాలతో ఆగి ఉండడు, ఎక్కడో ఒక పెద్ద వస్తువు ఉండే ఉంటుందని తాతయ్య వాదన. నలభై ఏళ్లుగా అదే వాదన. విన్నవాళ్లు నవ్వేవాళ్లట.

“ఇన్నాళ్ల కొంగజపం ఫలించిందండీ బాబాయిగారూ” అన్నాడు గడియారాల మామయ్య.

“నోరు ముయ్యవోయ్” అన్నాడు తాతయ్య. “చీమా, ముందు కడిగి తీసుకురామ్మా. జాగ్రత్త.”

కూజాని చంటిపిల్లలా ఎత్తుకుని తొట్టి దగ్గరికి తీసుకెళ్లాను. కడిగాను. తుడిచాను. తిరగేసి, కొంగ మీద ‘హా’ అని ఊదాను.

ఆవిరి కమ్ముకుంది. కొంగ చుట్టూ నాలుగు మూలలతో, సన్నటి పలకలాగా, వెంట్రుకంత గీత లేచింది. రెండు క్షణాలు ఉండి పోయింది. మళ్లీ ఊదాను. మళ్లీ లేచింది. ముక్క వెడల్పు చెంచా కాడంత. విరిగిన చెంచా ఏదో పన్నెండోది ఉండి ఉంటుంది. దాని కాడ మీద కొంగని కోసి, ఎవరో ఈ కూజా అడుగున పొదిగి టంకం పెట్టారు.

అలవాటు చొప్పున మసి పట్టించి టేపు మీదకి అచ్చు తీసుకున్నాను. గీత మసిలో కూడా పడింది. చెక్క పలక నా మోచేతి పక్కనే ఉంది. దారపు ఉండ గూట్లో ఉంది.

“అక్కా! అయిందా లేదా? తాతయ్య కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు!” లోపలి నుంచి టపాకాయ గొంతు, వెనకాలే తాతయ్య నవ్వు.

కూజాని ఎత్తుకుని వెళ్లి ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టాను.

నేను అనుకున్నది ఇది. టపాకాయ ముద్ర చూసి గొప్పగా కొంగ అంటుంది. తాతయ్య తనే ఒకసారి ఊది చూస్తాడు. గీత తేలుతుంది. ఆమె ముఖం చిన్నబోతుంది. అప్పుడు ఆయన ‘కంటికి అద్దం ఉంటే చాలదమ్మా’ అని, ‘చీమా, నువ్వు రా’ అంటాడు. తొట్టి దగ్గర నుంచి బల్ల దాకా ఉన్న పది అడుగుల్లో ఈ మేడంతా కట్టేశాను.

టపాకాయ భూతద్దం బిగించుకుని కూజా మీదకి వంగింది. పుస్తకం తెరిచి పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పింది. తర్వాత ఎగిరి గంతేసింది.

“తాతయ్యా, దీని ముక్కు విరిగింది! పుస్తకంలో చూడు. ఆరో చెంచా దాకా కొంగకి ముక్కు నిండుగా ఉంది. ఏడో చెంచా నుంచి చివర లేదు. అంటే ముద్ర కొట్టే అచ్చు విరిగింది. అది విరిగాక చేసిన కూజా ఇది!”

తాతయ్య పుస్తకం లాక్కున్నాడు, కళ్లకి దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూశాడు. “నలభై ఏళ్లు... ఈ ముక్కు నేను చూడలేదే” అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు. కూజాని ఒళ్లోకి తీసుకుని వేళ్లతో మెడ నుంచి కిందిదాకా నిమిరాడు.

ఊదలేదు.

నేను గుమ్మంలో నిలబడి ఎదురుచూశాను. కాగితం తెమ్మన్నాడు. ఊదలేదు. టపాకాయ పక్కన నిలబడి వరస చూపిస్తుంటే పెద్ద అక్షరాలతో రాశాడు. ఆగండి అనే మాట నా గొంతు దాకా వచ్చింది. మింగాను. మాటలు మింగడం నాకు అలవాటే, అందుకని అది సులువుగానే దిగింది. తాతయ్య సంతకం పెట్టాడు. ఆ మధ్యాహ్నం అచ్చుని డైరీలో అతికించి, పక్కన తారీఖు వేసి, ఒక చిన్న ముక్క రాశాను.

పది రోజుల తర్వాత మ్యూజియం వాళ్లు పిలిస్తే అందరం వెళ్లాం. పెద్దమ్మ పెట్టె అడుగు నుంచి మంచి చీర తీసింది. అద్దాల బీరువాలో కూజా దీపాల కింద వెన్నెల ముద్దలా ఉంది. కింద అట్ట మీద తాతయ్య పేరు. దాని కింద సన్నటి అక్షరాలతో, ‘అచ్చు విరిగిన కాలాన్ని ఆయన మనవరాలు గుర్తించింది.’

“ఈ మనవరాలేనా?” అని మేడమ్ టపాకాయ భుజం మీద చెయ్యి వేసింది.

“అక్క కూడా ఉందండీ! కడిగింది అక్కే” అంది టపాకాయ, నన్ను ముందుకు లాగుతూ.

కడిగింది అక్కే. పుండు మీద కారం చల్లడానికి ఆమెకి మనసులో చెడు ఉండక్కర్లేదు, మంచి చాలు.

మేడమ్ మళ్లీ మా ఇంటికి వచ్చేసరికి ఎండలు తగ్గుముఖం పట్టాయి. చేతిలో అదే చెక్కపెట్టె. కూర్చోమంటే కూర్చోలేదు.

“శుభ్రం చేసేటప్పుడు కాస్త వేడి తగిలిందండీ. ముద్ర చుట్టూ నల్లగా గీత వచ్చింది.” కూజాని బల్ల మీద తిరగేసి పెట్టింది. ఇప్పుడు ఊదక్కర్లేదు. ఎవరికైనా కనపడుతుంది. కొంగ నాలుగు గోడల మధ్య నిలబడి ఉంది.

తాతయ్య వేలితో తడిమి చూశాడు.

“మీ మీద గౌరవం ఎక్కడికీ పోలేదు” అంది మేడమ్, ఎటో చూస్తూ. “కానీ పైవాళ్లు... ఇక మీదట మీ కాగితం ఒక్కటే చాలదంటున్నారు.”

ఆవిడ వెళ్లాక టపాకాయ అంది, “తప్పు నాదే తాతయ్యా. కొంగ అని చెప్పింది నేనే.”

“నువ్వు సరిగ్గానే చెప్పావమ్మా. కొంగ కొంగే. గూడే దానిది కాదు.” తాతయ్య భూతద్దాన్ని దాని డబ్బాలో పెట్టి మూత వేశాడు. “ఇక చాల్లే. చూసినన్నాళ్లు చూశాను.”

మర్నాడు ఎవరో పాత పళ్లేలు తెస్తే తాతయ్య చూడకుండానే తిప్పి పంపించేశాడు. ఆ తర్వాతి రోజూ అంతే. ఆకుపచ్చ గుడ్డని పెద్దమ్మ ఉతికి ఆరేసింది. రెండో స్టూలు ఖాళీగా ఉంది. భూతద్దం డబ్బాలో ఉంది. నేను కోరుకున్నవన్నీ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాయి. తొట్టి మాత్రం ఎండిపోయింది.

టపాకాయ మెట్ల మీద కూర్చుని బట్టలు మడతపెట్టుకుంటోంది. సెలవులు ఇంకా పన్నెండు రోజులున్నాయి. పిల్లి ఆమె పాదాల మీద పడుకుంది.

“ఊది చూడాలని నాకు తెలీదక్కా. మామయ్య నిన్న చెప్పాడు.” ఆమె గొంతు అంత చిన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. “నువ్వు ఊదావు కదా. నీకేమీ కనపడలేదా?”

“లేదు” అన్నాను.

“అయితే ఎవరికీ కనపడదులే.” చొక్కా మడత పెట్టింది, మళ్లీ విప్పింది. “నేను రాకుండా ఉంటే బాగుండేది.”

నా వాక్యం. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. పిల్లిని నిమరడానికి వంగాను. అది లేచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం గడియారాల మామయ్య వచ్చాడు. ఊరికే కూర్చోలేని మనిషి కదా, చివరికి అననే అన్నాడు. “కడిగేటప్పుడు చీమ చూసుండాల్సింది కదండీ, బాబాయిగారూ?”

నేను నడవలో ఉన్నాను.

“చీమ చూసింది” అన్నాడు తాతయ్య. “దాని కంటికే అందలేదంటే ఇంకెవరి కంటికీ అందదు. పోయింది నా కన్ను. పిల్లల మీద పెట్టకు.”

ఆయన కోపంగా మాట్లాడగా విన్నది అదొక్కసారే. నా తరఫున.

తెల్లారి, ఎవరూ లేవకముందే, డైరీని ఆ పేజీ దగ్గర మడిచి, గూట్లోంచి దారం తీసి కట్టాను. పనిగదిలో చెక్క పలక మీద పెట్టి, గోడకి ఆనుకుని నిలబడ్డాను. నోటితో చెప్పగలిగితే బాగుండేది. రాలేదు.

తాతయ్య కాఫీ గ్లాసుతో వచ్చాడు. దారం చూశాడు. “ఏమిటే చీమా ఇది? వస్తువులు రావడం లేదని పుస్తకాలు కడుగుతున్నావా?” దారం విప్పాడు. మసి అచ్చుని చూసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. డబ్బా తీసి భూతద్దం బిగించుకున్నాడు. కాఫీ మీద మీగడ కట్టేదాకా చూశాడు. అచ్చు ఆయనకి కనపడింది. పక్కన నా చీమ అక్షరాలు కనపడలేదు.

“అమ్మాయ్” అని పిలిచాడు. టపాకాయ దువ్వెన చేత్తో పట్టుకునే వచ్చింది. “ఇక్కడేం రాసుందో చదువు.”

ఆమె ముందు తారీఖు చదివింది. మేడమ్ కూజా తెచ్చిన రోజు. తర్వాత గలగలా, ఎప్పటిలాగే, చదవడం మొదలుపెట్టింది. “గీత ఉంది.” ఆగింది. నా వైపు చూసింది. రెండోది చదవడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

“చెప్పను.”

వంటింట్లో పెద్దమ్మ గిన్నె ఏదో దించింది. తాతయ్య భూతద్దం తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

“ఆకుపచ్చ గుడ్డ మీదున్న దాన్ని” అన్నాడు, “ఈ రెండేళ్లలో నేనెప్పుడైనా మళ్లీ ఊది చూశానా?”

చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మాట ఆయన అడిగేదాకా నాకు తట్టలేదు.

“అచ్చు బాగా తీశావు” అన్నాడు. డైరీ నాకు ఇచ్చేశాడు. టపాకాయ వైపు తిరిగి, “పెట్టె విప్పెయ్యమ్మా. మధ్యాహ్నం మేడమ్‌కి ఉత్తరం రాద్దాం. నిజం రాద్దాం” అన్నాడు.

ఆ రోజంతా ఆమె నాతో మాట్లాడలేదు. నేను వేసిన పక్క మీదే పడుకుంది, అటు తిరిగి.

మర్నాడు ఎవరో మూడు చెంచాలు పంపారు. పెద్దమ్మ తెచ్చి తొట్టి పక్కన పెట్టి వెళ్లింది. నాకేమీ చెప్పలేదు, వద్దని కూడా అనలేదు. గోరువెచ్చని నీళ్లు పోశాను. కడిగాను. తుడిచాను. ఊదాను, ఒక్కోదాని మీద మూడుసార్లు. ఎక్కడా గీత లేదు. పళ్లెంలో పెట్టుకుని పనిగది గుమ్మం దాకా వెళ్లాను. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ మళ్లీ పరిచి ఉంది. తాతయ్య పుస్తకం మీదకి వంగి ఉన్నాడు, తల ఎత్తలేదు.

టపాకాయ స్టూలు మీంచి లేచి వచ్చింది. అక్కా అనలేదు. పళ్లెం నా చేతుల్లోంచి తీసుకుంది. గుమ్మంలోనే నిలబడి, మొదటి చెంచా తిరగేసి, ‘హా’ అని ఊదింది. ఆవిరి కమ్మి, తేలి, పోయేదాకా చూసింది. రెండోదీ చూసింది. మూడోదీ చూసింది.

తర్వాత లోపలికి జరిగి, పిడి పట్టుకుని, నేను నేర్పినట్టే కొంచెం పైకెత్తి, తలుపు వేసింది.